పాఠం 11. వస్తూ పోతూ ఉండే ఇంటర్నెట్: అపార్ట్‌మెంటులో కేబుల్ కనెక్షన్ లోపాన్ని కనుగొనడం

ఇంటర్నెట్ పూర్తిగా ఆగిపోతే ఎవరికైనా చూపించవచ్చు. వస్తూ పోతూ ఉండే కనెక్షనుతో వచ్చే బాధ వేరు. కేబుల్ మనిషి వచ్చిన సమయానికి అది చక్కగా పనిచేస్తూ ఉంటుంది. ఆయన మెట్లు దిగి వెళ్లిన పావుగంటకు మళ్లీ ఆగిపోతుంది. మీరు పరీక్ష రుసుము చెల్లిస్తూ ఉంటారు, తెర మీద చక్రం తిరుగుతూ నిలిచిపోతుంది, ఖాతాలో డబ్బు తగ్గినట్లు ఫోనుకు సందేశం వస్తుంది, రసీదు మాత్రం రాదు. గడువు ఆ రోజుతోనే ముగుస్తుంది. ఇంటి వద్ద చదువుకునేవారికి, ఇంట్లో కూర్చొని పని చేసుకునేవారికి ఇది చిన్న ఇబ్బంది కాదు.

ఈ పాఠం చదివిన తరువాత మీరు, లోపం మీ ఇంటి లోపల ఉన్నదో బయట ఉన్నదో వేరు చేసి చెప్పగలుగుతారు. కేబుల్, కనెక్టర్, స్ప్లిటర్‌లను పరీక్షించగలుగుతారు. మోడెమ్ చూపే కొన్ని అంకెలను చదివి అర్థం చేసుకోగలుగుతారు. వీటన్నిటి కంటె ముఖ్యంగా, ఆపరేటరు కాదనలేని విధంగా ఫిర్యాదు చేయగలుగుతారు. దీనికి ఇంజనీరింగు చదువు అవసరం లేదు. ఒక నోటుపుస్తకం, ఒక పెన్ను, ఒక వారం ఓపిక కావాలి.

11.1 తీగ ఎక్కడి నుంచి వస్తున్నది?

మన దేశంలో 1995 ఆగస్టు 15న విదేశ్ సంచార్ నిగమ్ సామాన్య ప్రజలకు ఇంటర్నెట్ సేవను ప్రారంభించింది. అప్పట్లో అది టెలిఫోను తీగ మీద వచ్చేది. అదే సంవత్సరంలో కేబుల్ టెలివిజన్ వ్యవస్థల నియంత్రణ చట్టం కూడా వచ్చింది. అప్పటికే మన పట్టణాలలో వీధివీధికీ ఒక కేబుల్ ఆపరేటరు ఉన్నాడు. డిష్ యాంటెన్నా పెట్టి, కరెంటు స్తంభాల మీదుగా నల్లని తీగలు లాగి ఇళ్లకు టీవీ చూపించేవాడు. తరువాతి కాలంలో ఆ తీగల మీదే ఇంటర్నెట్ కూడా పంపించడం మొదలయింది. ఇందుకు అవసరమైన డాక్సిస్ అనే ప్రమాణం 1997లో తయారయింది. ఈ చరిత్ర మీకు ఎందుకంటే, మీ ఇంట్లో నేడు కనిపించే అనేక లోపాలకు మూలం ఇక్కడే ఉంది. టీవీ బొమ్మ కోసం లాగిన తీగకు ఒకే వైపు పని. పైనుంచి ఇంటికి సంకేతం వస్తే చాలు. ఇంటర్నెట్‌కు ఇంటి నుంచి పైకి కూడా సంకేతం వెళ్లాలి.

ప్రస్తుతం అపార్ట్‌మెంట్లకు ఇంటర్నెట్ మూడు విధాలుగా వస్తున్నది. మీ గోడ నుంచి పెట్టెకు వచ్చే చివరి తీగను చూడండి. చిటికెన వేలు కంటె కొంచెం సన్నగా, గుండ్రంగా, చివర మరతో బిగించే లోహపు కనెక్టర్ ఉంటే అది కో-యాక్సియల్ కేబుల్. చివర టెలిఫోను ప్లగ్గు కంటె వెడల్పయిన పారదర్శక ప్లాస్టిక్ ప్లగ్గు ఉంటే అది లాన్ కేబుల్. దారం వంటి సన్నని తీగ, చివర ఆకుపచ్చ లేదా నీలం రంగు ప్లాస్టిక్ ముక్క ఉంటే అది ఆప్టికల్ ఫైబర్. ఈ పాఠంలో ఎక్కువ భాగం మొదటి రకం గురించే. అందులోనే లోపాలు ఎక్కువ, వెతకడం కష్టం. మిగిలిన రెండింటి సంగతి 11.7లో చూద్దాం.

11.2 ముందుగా ఇంటి లోపల

చాలామంది 'నెట్ లేదు' అంటారు. వాస్తవానికి చాలా సందర్భాలలో నెట్ ఉంటుంది, వై-ఫై మాత్రమే ఉండదు. గోడ వరకు వచ్చే కనెక్షను ఆపరేటరుది. పెట్టె నుంచి మీ ఫోను వరకు గాలిలో సాగే ప్రయాణం మీ ఇంటి వ్యవహారం. ఈ రెండింటినీ వేరు చేయకుండా ఎంత వెతికినా ప్రయోజనం ఉండదు.

కృత్యం 1: మీ ఫోనులో మొబైల్ డేటాను ఆపివేయండి. ఇది మరిచిపోవద్దు. వై-ఫై బలహీనపడగానే ఫోను చెప్పకుండా మొబైల్ డేటాకు మారిపోతుంది, మీ పరీక్ష వృథా అవుతుంది. ఇప్పుడు రూటరు అడుగున అంటించిన కాగితం చూడండి. దానిపై 192.168.1.1 లేదా 192.168.0.1 వంటి అంకెలు ఉంటాయి. ఇది రూటరు చిరునామా. ఇంటర్నెట్ ఆగిన సమయంలో, రూటరుకు రెండు మూడు అడుగుల దూరంలో నిలబడి, ఫోను బ్రౌజరులో ఆ అంకెలు టైపు చేయండి. రూటరు పేజీ వెంటనే తెరుచుకొని, బయటి వెబ్‌సైట్లు మాత్రం తెరుచుకోకపోతే, మీ వై-ఫై బాగున్నది, లోపం దానికి అవతల ఉన్నది. రూటరు పేజీ కూడా తెరుచుకోకపోతే లోపం ఇంట్లోనే ఉన్నది.

కంప్యూటరు ఉన్నవారు ఇంకా కచ్చితంగా తెలుసుకోవచ్చు. రూటరుకు లాన్ కేబుల్‌తో కంప్యూటరును కలిపి, ఆదేశాలు టైపు చేసే నల్లని కిటికీ తెరిచి, పింగ్ అనే ఆదేశాన్ని ముందు రూటరు చిరునామాకు, తరువాత 8.8.8.8కు పంపండి. రెండవది గూగుల్ సంస్థ నడిపే సర్వరు. విండోస్‌లో చిరునామా తరువాత ఖాళీ వదిలి, హైఫన్, దాని పక్కనే టి అక్షరం చేర్చితే పరీక్ష ఆగకుండా సాగుతుంది. ఆపడానికి కంట్రోల్, సి మీటలు కలిపి నొక్కాలి. రూటరు నుంచి జవాబు ఒకటి రెండు మిల్లీసెకన్లలో వస్తూ, 8.8.8.8 నుంచి మధ్య మధ్య జవాబు రాకపోతే, లోపం బయట తీగలో ఉన్నదని అర్థం. రెండింటికీ జవాబు వస్తున్నా పేరుతో టైపు చేసిన వెబ్‌సైట్లు తెరుచుకోకపోతే, పేర్లను చిరునామాలుగా మార్చే డీఎన్ఎస్ సర్వరు సరిగా పనిచేయడం లేదు.

వై-ఫై లోపమే అయితే రూటరు ఎక్కడ ఉన్నదో గమనించండి. మన ఇళ్లలో దానిని టీవీ వెనుక గూటిలోనో, ఇనుప బీరువా మీదనో, గుమ్మం పైన మీటరు పక్కనో పెడతారు. కాంక్రీటు గోడ, అందులోని ఇనుప కడ్డీలు, బీరువా, పెద్ద అద్దం, నీళ్ల ట్యాంకు ఇవన్నీ రేడియో తరంగాలను అడ్డుకుంటాయి లేదా మళ్లిస్తాయి. నడుమ గదిలో, ఛాతీ ఎత్తున, ఖాళీగా ఉన్న చోట పెట్టండి. అపార్ట్‌మెంటులో మరో చిక్కు ఉంది. 2.4 గిగాహెర్ట్జ్ పట్టీలో ఒకదానిపై ఒకటి పడకుండా ఉండే చానెళ్లు సాధారణంగా మూడే: 1, 6, 11. ఇరవై ఫ్లాట్లు ఉంటే ఇరవై రూటర్లు ఈ మూడింటినే పంచుకోవాలి. మైక్రోవేవ్ పొయ్యి కూడా ఇదే పట్టీలో అలజడి చేస్తుంది. మీ రూటరులో 5 గిగాహెర్ట్జ్ సౌకర్యం ఉంటే అదే గదిలో వాడుకోండి. అది గోడలను అంతగా దాటలేదు, కాబట్టి పక్కింటివారి తరంగాల బెడద కూడా తక్కువ.

ఇక్కడే అడాప్టరును కూడా చూడండి. పెట్టెకు 12 వోల్టులు అందించే ఆ చిన్న నల్లని ప్లగ్గు వేడికి, వోల్టేజి హెచ్చుతగ్గులకు కొంతకాలానికి బలహీనపడుతుంది. పెట్టె దీపాలన్నీ ఒక్కసారిగా ఆరి, మొదటి నుంచి వెలుగుతూ వస్తే అడాప్టరునో, వదులుగా ఉన్న ప్లగ్గు పాయింటునో అనుమానించాలి. తీగను నిందించవద్దు. కొత్త అడాప్టరు కొనేటప్పుడు వోల్టులు, ఆంపియర్లు పాతదానిపై ముద్రించినట్లే ఉండాలి. ఆంపియర్లు ఎక్కువున్నా పరవాలేదు, వోల్టులు మాత్రం మారకూడదు.

పాఠ్యాంశ ప్రశ్నలు 11.1
(అ) ఇంటర్నెట్ ఆగినప్పుడు రూటరు పేజీ తెరుచుకున్నది. లోపం ఎటువైపు ఉన్నట్లు?
(ఆ) పరీక్షకు ముందు మొబైల్ డేటాను ఎందుకు ఆపాలి?

11.3 తీగ, కనెక్టరు, స్ప్లిటరు

కో-యాక్సియల్ కేబుల్ ముక్కను అడ్డంగా కోసి చూడండి. నడుమ ఒక లోహపు తీగ. దాని చుట్టూ తెల్లని నురగ వంటి ప్లాస్టిక్. దానిపై అల్యూమినియం రేకు, దానిపై అల్లిన సన్నని తీగల జాలీ, అన్నిటికంటె పైన నల్లని తొడుగు. సంకేతం నడిమి తీగ మీద ప్రయాణిస్తుంది. రేకు, జాలీ కలిసి కోటగోడలా పనిచేస్తాయి. బయటి అలజడిని లోపలికి రానివ్వవు, లోపలి సంకేతాన్ని బయటికి పోనివ్వవు. ఆ గోడకు ఎక్కడ గండి పడినా లోపం మొదలవుతుంది.

గండి పడేది ఎక్కువగా కనెక్టరు దగ్గర. సరైన పద్ధతిలో ప్రత్యేకమైన బిగింపు పరికరంతో కనెక్టరును తీగకు నొక్కి బిగిస్తారు. తొందరలో ఉన్న కుర్రవాడు దంతాలతో తొడుగు లాగి, జాలీని చేత్తో మెలిపెట్టి, కనెక్టరును తిప్పి వదిలేస్తాడు. ఆ రోజుకు పనిచేస్తుంది. ఎండకు వ్యాకోచించి, రాత్రి సంకోచించి, కొన్ని నెలలకు వదులవుతుంది. మీ ఇంట్లో ప్రతి కనెక్టరును చేత్తో మెల్లగా తిప్పి చూడండి. తిరిగితే అది వదులుగా ఉన్నట్లే. చేతితో బిగించి, ఆపైన స్పానరుతో కొద్దిగా మాత్రమే తిప్పాలి. బలంగా బిగిస్తే మోడెమ్ లోపలి అతుకు విరిగిపోతుంది. కనెక్టరును విప్పినప్పుడు నడిమి తీగ చివర పచ్చగా లేదా నల్లగా కనిపిస్తే తుప్పు పట్టినట్లు. అటువంటి కనెక్టరును మార్పించవలసిందే. రుద్దితే ప్రయోజనం లేదు.

ఇప్పుడు స్ప్లిటరు. ఒక తీగను రెండుగా, నాలుగుగా చీల్చే చిన్న లోహపు పెట్టె ఇది. నీళ్ల గొట్టాన్ని చీల్చితే నీరు పంచుకోబడినట్లే, సంకేతం కూడా పంచుకోబడుతుంది. ఎంత తగ్గిందో డెసిబెల్‌లలో చెబుతారు. 3 డెసిబెల్‌లు తగ్గితే శక్తి సగం అయినట్లు. 10 డెసిబెల్‌లు తగ్గితే పదవ వంతు మిగిలినట్లు. రెండు దారుల స్ప్లిటరు ఒక్కొక్క దారిలో సుమారు 3.5 డెసిబెల్‌లు తింటుంది. నాలుగు దారులది సుమారు 7 తింటుంది. ఇంట్లో ముందు రెండు దారులది, దాని తరువాత నాలుగు దారులది ఉంటే మొత్తం 10.5. అంటే మోడెమ్‌కు చేరేది పదవ వంతు కంటె తక్కువ. పాత టీవీ కోసం ఎప్పుడో పెట్టి, టీవీ పోయినా అలాగే అటక మీద మిగిలిపోయిన స్ప్లిటరు ఒకటి ఎన్నో ఇళ్లలో ఉంటుంది.

కృత్యం 2: లోపలికి వచ్చే తీగను స్ప్లిటరు నుంచి విప్పి, సూటిగా మోడెమ్‌కు బిగించండి. ఒకటి రెండు రోజులు టీవీ లేకుండా ఓర్చుకోవాలి. ఇంట్లో ధారావాహికలు చూసేవారితో ముందే మాట్లాడి పెట్టుకోవడం మంచిది. ఈ రెండు రోజులలో కనెక్షను ఆగకపోతే, నేరస్థుడు స్ప్లిటరు లేదా దాని తరువాతి తీగలు. మళ్లీ పెట్టవలసి వస్తే ఇంటి మొదట్లో రెండు దారులది ఒకటే పెట్టి, ఒక దారిని నేరుగా మోడెమ్‌కు, రెండవదాన్ని టీవీలకు ఇవ్వండి. వాడని దారిని ఖాళీగా వదలకండి. 75 ఓమ్‌ల టెర్మినేటరు అనే చిన్న మూతను బిగించండి.

ఈ మూత సంగతి చిన్నదిగా కనిపిస్తుంది గాని, అపార్ట్‌మెంటులో అదే పెద్ద సంగతి. పైనుంచి ఇళ్లకు వచ్చే సంకేతం ఒక దారి నుంచి అనేక దారులకు చీలుతుంది. ఇళ్ల నుంచి పైకి పోయే సంకేతం మాత్రం అనేక దారుల నుంచి ఒక దారిలోకి చేరుతుంది. కాబట్టి ఖాళీగా ఉన్న ఫ్లాటులో గోడకు వేలాడుతున్న తీగ చివర, యాంటెన్నాలాగా బయటి అలజడిని గ్రహించి పైకి పంపిస్తూ ఉంటుంది. అది అందరి సంకేతాలతోనూ కలుస్తుంది. మీ ఇంట్లో అంతా సవ్యంగా ఉన్నా, అద్దెకు ఎవరూ లేని ఐదవ అంతస్తు ఫ్లాటు మీ పాఠాన్ని మధ్యలో ఆపివేయగలదు. ఇది ఆపరేటరుకు తెలిసిన విషయమే. అయితే ఒక్క ఇంటివారు అడిగితే డక్టులన్నీ వెతికే తీరిక వారికి ఉండదు. అసోసియేషన్ అడిగితే సంగతి వేరు.

11.4 మోడెమ్ చెప్పే అంకెలు

కేబుల్ మోడెమ్‌లలో చాలావాటికి సొంత పేజీ ఉంటుంది. బ్రౌజరులో 192.168.100.1 టైపు చేసి చూడండి. కొన్నిచోట్ల ఆపరేటరు దీన్ని మూసివేసి ఉంచుతాడు. తెరుచుకోకపోతే ఈ భాగాన్ని వదిలి ముందుకు సాగవచ్చు. తెరుచుకుంటే మూడు అంకెలు వ్రాసుకోండి.

మొదటిది మోడెమ్‌కు అందుతున్న బలం. దీన్ని డీబీఎంవీ అనే ప్రమాణంలో చూపుతారు. సున్నాకు అటూ ఇటూ 7 లోపు ఉంటే మంచిది. మైనస్ 15కు దిగువన గాని, ప్లస్ 15కు ఎగువన గాని ఉంటే మోడెమ్ నిలకడగా పనిచేయదు. రెండవది సంకేతానికీ అలజడికీ నిష్పత్తి. ఇది 33 డెసిబెల్‌లు లేదా అంతకు మించి ఉండాలి. మూడవది పైకి పంపే బలం. చాలామంది దీన్ని పట్టించుకోరు, అయితే వస్తూ పోతూ ఉండే కనెక్షనుకు తాళంచెవి తరచుగా ఇక్కడే ఉంటుంది.

మేడ మీద నుంచి వీధిలోని కూరగాయల బండివాడిని పిలవడం ఊహించుకోండి. దగ్గరగా ఉంటే మామూలు గొంతు చాలు. దూరమయ్యేకొద్దీ, వీధిలో రొద పెరిగేకొద్దీ గొంతు పెంచుతారు. ఒక దశ తరువాత ఎంత అరిచినా వినిపించదు. మోడెమ్ కూడా అంతే. పైకి పోయే దారిలో నష్టం ఉంటే తన బలాన్ని పెంచుకుంటూ పోతుంది. సుమారు 35 నుంచి 49 వరకు ఉంటే సాధారణం. 50 దాటితే అది అరుస్తున్నట్లు. ఇంకా పైకి పోతే అవతలివారికి వినిపించక మోడెమ్ మొదటికి వచ్చి మళ్లీ ప్రయత్నిస్తుంది. ఆ రెండు మూడు నిమిషాలే మీకు 'నెట్ పోయింది'. మోడెమ్ దినచర్య పుటలో టి-3, టి-4 అనే మాటలతో కూడిన వరుసలు పదేపదే కనిపిస్తే, పిలిచినా జవాబు రాలేదని అది వ్రాసుకున్నట్లు. ఆ పుటను ఫోనుతో ఫొటో తీసి ఉంచండి.

11.5 ఏ వేళ పోతున్నది?

ఒక ఐదంతస్తుల భవనంలో, మూడవ అంతస్తులో ఉండే ఒక గృహిణిని ఊహించుకోండి. పగలు బట్టలు కుట్టి, సాయంత్రం సార్వత్రిక విద్య పాఠాలు చదువుతుంది. నెట్ 'ఎప్పుడుపడితే అప్పుడు' పోతున్నదని ఆమె అనుకునేది. ఒక వారం పాటు పుస్తకంలో తేదీ, పోయిన సమయం, వచ్చిన సమయం, పెట్టె మీద ఏ దీపం ఆరింది, ఎండా వానా, కరెంటు ఉందా లేదా అన్నవి వ్రాసింది. వారం చివర చూస్తే 'ఎప్పుడుపడితే అప్పుడు' అన్నది నిజం కాలేదు. మధ్యాహ్నం ఒంటిగంట నుంచి నాలుగు మధ్య ఐదుసార్లు పోయింది. కరెంటు పోయిన రెండుసార్లూ పోయింది. రాత్రి తొమ్మిదికి పోలేదు గాని నత్తనడక నడిచింది. ఒక లోపం అనుకున్నది మూడు లోపాలు!

మధ్యాహ్నపు లోపానికి ఎండ కారణం కావచ్చు. మే నెలలో డాబా మీది ఇనుప పెట్టెలో ఉన్న ఆంప్లిఫయరు ఎంత వేడెక్కుతుందో చెప్పనక్కరలేదు. వదులు కనెక్టర్లు కూడా ఆ వేళకే దూరమవుతాయి. వానకు మాత్రమే పోతే తొడుగు చిట్లి లోపలికి నీరు దిగుతున్నట్లు. నీరు తీగ వెంబడి ఇంట్లోకి కూడా వస్తుంది. కిటికీలోంచి తీగ లోపలికి వచ్చే చోట, ముందు కిందికి వంగి మళ్లీ పైకి లేచేలా వదిలితే చుక్కలు ఆ వంపు దగ్గరే జారిపోతాయి. సంక్రాంతి రోజుల్లో గాలిపటాల దారాలు, ఏడాది పొడవునా డాబా మీది కోతులు కూడా ఈ జాబితాలో చేరదగినవే.

కరెంటు పోయినప్పటి లోపం మరీ చిత్రమైనది. ఇంట్లో ఇన్వర్టరు ఉంది, మోడెమ్ వెలుగుతున్నది, అయినా నెట్ లేదు. ఎందుకంటే మెట్ల దగ్గరి లేదా డాబా మీది ఆంప్లిఫయరుకు కరెంటు లేదు. లిఫ్టుకు, నీళ్ల మోటారుకు జనరేటరు కనెక్షను ఇచ్చిన భవనాలలో కూడా ఆ చిన్న పెట్టెను మరిచిపోతారు. దాన్ని కూడా జనరేటరు లైనుకు కలపాలని అసోసియేషన్ సమావేశంలో అడగండి. ఆ పనిని ఎలక్ట్రీషియన్ చేయాలి.

రాత్రి నెమ్మదించడం రద్దీ. ఒక ప్రాంతంలోని ఇళ్లన్నీ ఒకే దారిని పంచుకుంటాయి. ఉదయం ఆరుకు, రాత్రి తొమ్మిదికి లాన్ కేబుల్‌తో వేగం కొలిచి చూడండి. రెండు వేళలా 11.4లోని అంకెలు ఒకేలా ఉండి, వేగం మాత్రం రాత్రి సగానికి పడిపోతే తీగలో లోపం లేదు. అది ఆపరేటరు తన సామర్థ్యాన్ని పెంచవలసిన సంగతి. మీరు రూటరు మార్చి డబ్బు పోగొట్టుకోవద్దు. కొలిచేటప్పుడు ఒక లెక్క గుర్తుంచుకోండి. ప్యాకేజీలో చెప్పే 40 మెగాబిట్‌లకు, దిగుమతి తెర మీద కనిపించేది సెకనుకు 5 మెగాబైట్లే. 8 బిట్లు ఒక బైటు. నెల చివరి రోజులలో మాత్రమే నెమ్మదిస్తే మీ ప్యాకేజీలోని డేటా పరిమితి దాటిందేమో బిల్లు చూడండి. దేశంలో బ్రాడ్‌బ్యాండ్ అనిపించుకోవడానికి కనీస వేగాన్ని 2023 జనవరిలో 512 కిలోబిట్ల నుంచి 2 మెగాబిట్లకు పెంచారు.

పాఠ్యాంశ ప్రశ్నలు 11.2
(అ) రెండు దారుల స్ప్లిటరు తరువాత మరో రెండు దారుల స్ప్లిటరు ఉన్నది. మొత్తం నష్టం సుమారు ఎంత?
(ఆ) ఇంట్లో ఇన్వర్టరు పనిచేస్తున్నా కరెంటు పోగానే నెట్ పోతున్నది. ఎక్కడ వెతకాలి?

11.6 చేయకూడనివి, చెప్పవలసినవి

డాబా మీది ఆంప్లిఫయరు పెట్టెను తెరవకండి. అందులో ఇంటి కరెంటు ఉంటుంది. కరెంటు స్తంభం మీద కేబుల్ తీగను పట్టుకొని లాగడం, వేలాడుతున్న తీగను తీసి కట్టడం చేయవద్దు. పై విద్యుత్ తీగ తగిలి ఉంటే ప్రాణం పోతుంది. కనెక్టరును తాకినప్పుడు చేతికి జివ్వుమన్నా వెంటనే వదిలి, మోడెమ్, టీవీ ప్లగ్గులు ఆపి, ఆపరేటరుకు, ఎలక్ట్రీషియన్‌కు చెప్పండి. తడి చేతులతో, వర్షంలో ఈ కృత్యాలు చేయకూడదు. 2025 ఆగస్టులో హైదరాబాదులో ఊరేగింపు రథానికి విద్యుత్ తీగ తగిలి ప్రాణాలు పోయిన తరువాత, స్తంభాల మీది కేబుల్ తీగలను అధికారులు పెద్ద ఎత్తున తొలగించారు. చాలా ఇళ్లలో ఇంటర్నెట్ ఆగింది. అటువంటి సమయంలో మీ ఇంట్లో ఎంత వెతికినా లోపం దొరకదు. పక్క భవనంవారిని అడగడం అన్నిటికంటె చౌకైన పరీక్ష.

ఇక ఫిర్యాదు. పైన చెప్పిన గృహిణి మొదట్లో ఇలా అనేది: "బాబూ, నెట్ సరిగా రావడం లేదయ్యా. కాస్త చూడవూ!" జవాబు ఎప్పుడూ ఒకటే: "ఒకసారి ఆపి వేయండమ్మా." పుస్తకం వ్రాసిన తరువాత సంభాషణ ఇలా మారింది.

"తమ్ముడూ, 302 నుంచి మాట్లాడుతున్నాను. వారంలో ఐదుసార్లు మధ్యాహ్నమే పోయింది. స్ప్లిటరు తీసేసి చూశాను, అయినా పోతున్నది. పైకి పంపే బలం మధ్యాహ్నం 52, పొద్దున 45."
"ఆ పేజీ కూడా చూశారా అక్కా?"
"ఫొటో తీశాను. పంపనా? కింద 202లో వాళ్లకూ ఇదే వేళకు పోతున్నదట."
"అయితే పైన ట్యాపు దగ్గరేదో ఉంటుందక్కా. రేపు రెండింటికి వస్తాను. ఎండ వేళకే చూడాలి."

గమనించండి, ఆమె కోపగించుకోలేదు, బతిమాలనూ లేదు. లోపం తన ఇంట్లో లేదని ఆధారంతో చెప్పింది, ఏ వేళకు రావాలో అతనే చెప్పేటట్లు చేసింది. పక్కింటివారి అనుభవాన్ని చేర్చడం ముఖ్యం. ఇద్దరికీ ఒకే నిమిషంలో పోతే లోపం ఇద్దరికీ ఉమ్మడి అయిన తీగలో ఉన్నది.

మాటతో పని జరగకపోతే బిల్లు చూడండి. మీరు డబ్బు ఇచ్చేది వీధి ఆపరేటరుకే అయినా, బిల్లు మీద లైసెన్సు ఉన్న ఇంటర్నెట్ సంస్థ పేరు ఉండాలి. ఆ సంస్థ ఫిర్యాదు కేంద్రానికి ఫోను చేసి డాకెట్ సంఖ్య తప్పక తీసుకోండి. టెలికాం నియంత్రణ సంస్థ 2012లో చేసిన నిబంధనల ప్రకారం, పరిష్కారం తృప్తికరంగా లేకపోతే 30 రోజులలోగా అదే సంస్థలోని అప్పీలు అధికారికి రుసుము లేకుండా విన్నవించుకోవచ్చు. నియంత్రణ సంస్థ తానుగా ఒక్కొక్కరి ఫిర్యాదును విచారించదు. జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రం సంఖ్య 1915. టెలికాం వివాదాలను వినియోగదారుల కమిషన్లు కూడా విచారించవచ్చునని సుప్రీంకోర్టు 2022 ఫిబ్రవరిలో తీర్పు చెప్పింది. అక్కడి వరకు వెళ్లవలసి వస్తే మీ నోటుపుస్తకమే సాక్ష్యం.

11.7 లాన్, ఫైబరు ఉన్నవారికి

లాన్ కేబుల్ వచ్చే భవనాలలో మెట్ల దగ్గర ఒక స్విచ్ పెట్టె ఉంటుంది. అక్కడి వరకు ఫైబరు, అక్కడి నుంచి ఫ్లాట్లకు లాన్. ఈ తీగ 100 మీటర్లు దాటకూడదు. అంతస్తులన్నిటికీ ఒకేసారి పోతే ఆ పెట్టెకు కరెంటు ఉందేమో వాచ్‌మన్‌ను అడగండి. మీకు మాత్రమే పోతే ప్లగ్గు చివర క్లిప్పు విరిగి ఉంటుంది, లేదా తలుపు సందులో తీగ నలిగి ఉంటుంది.

ఫైబరు పెట్టె మీద ఎల్‌ఓఎస్ అనే దీపం ఎర్రగా వెలిగితే కాంతి అందడం లేదు. తీగ ఎక్కడైనా పదునుగా వంగిందా, మంచం కాలి కింద పడిందా చూడండి. వంపు గాజు గాజులంత విశాలంగా ఉండాలి. కనెక్టరు కొనను వేలితో ముట్టవద్దు, కొనలోకి కంటితో చూడవద్దు. ఆ కాంతి కనిపించదు గాని కంటికి హాని చేయగలదు. ఎర్రదీపం లేకుండా నెట్ పోతే 11.2లోని పరీక్షలు మీకూ వర్తిస్తాయి.

పాఠాంత ప్రశ్నలు
1. మీ ఇంట్లో కనెక్షను ఏ రకమో చూసి, గోడ నుంచి మోడెమ్ వరకు తీగ దారిని బొమ్మ గీయండి. స్ప్లిటర్లు ఉంటే నష్టాన్ని లెక్క కట్టండి.
2. ఒక వారం పాటు నెట్ పోయిన వేళలను పట్టికగా వ్రాయండి. అందులో ఏ క్రమం కనిపిస్తున్నది?
3. మీ పట్టిక ఆధారంగా ఇంటర్నెట్ సంస్థకు పది వాక్యాలలో ఫిర్యాదు లేఖ వ్రాయండి.

పాఠ్యాంశ ప్రశ్నలకు జవాబులు
11.1 (అ) రూటరుకు అవతల, అంటే మోడెమ్‌లో గాని బయటి తీగలో గాని. (ఆ) వై-ఫై బలహీనపడినప్పుడు ఫోను మొబైల్ డేటాకు మారిపోయి, కనెక్షను బాగున్నట్లు చూపుతుంది.
11.2 (అ) సుమారు 7 డెసిబెల్‌లు. (ఆ) భవనంలోని ఆంప్లిఫయరు లేదా స్విచ్ పెట్టెకు వచ్చే కరెంటు దగ్గర.